ఓమ్‌లు తగ్గితే వేడి తగ్గదు

సంపాదకులు గారికి,

నమస్కారములు. గత వారం మీ పత్రిక జిల్లా పేజీలలో ఎలక్ట్రానిక్ సిగరెట్ల గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఈ వస్తువులు కళాశాల కుర్రవాళ్ల జేబుల్లోకి చేరుతున్న తీరుపై తల్లిదండ్రులను హెచ్చరించాలన్న వ్యాసకర్త ఉద్దేశంతో నాకు పేచీ లేదు. అయితే అందులో రెండు వాక్యాలు భౌతికశాస్త్రం ప్రకారం తప్పు. "కాయిల్ నిరోధం పెరిగేకొద్దీ వేడి పెరుగుతుంది కనుక తక్కువ ఓమ్‌ల పరికరం కొంత నయం" అన్నది మొదటిది. (కాయిల్ అంటే పరికరంలో వేడెక్కే తీగచుట్ట, ఓమ్ అంటే నిరోధానికి కొలత.) "వోల్టేజి తగ్గించి వాడితే వచ్చేది నీటి ఆవిరి మాత్రమే" అన్నది రెండవది. ఇంటర్మీడియట్ పిల్లలకు చాలా ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని కనుక నా కన్ను వాటి మీద పడడం సహజమే. కానీ ఉత్తరం రాయించింది అది కాదు. ప్రస్తుతం ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్న మా మనవడు ఆ పేజీ తెచ్చి నా ముందు పెట్టి, "తాతయ్యా, మీరు చెప్పింది తప్పా, పేపర్లో వేసింది తప్పా?" అని అడిగాడు. వాడి స్నేహితుల్లో ఒకడు ఆ వాక్యాన్నే చూపించి, తన దగ్గరున్నది తక్కువ ఓమ్‌లదేనని ధీమాగా చెప్పాడట.

వ్యాసకర్త ఎక్కడ తడబడ్డారో ఊహించగలను, ఎందుకంటే ఏటా నా తరగతిలో సగం మంది అక్కడే తడబడేవారు. తీగలో పుట్టే వేడిని లెక్కగట్టడానికి రెండు దారులున్నాయి. ప్రవాహం (కరెంటు) వర్గాన్ని నిరోధంతో గుణించడం ఒకటి, వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించడం మరొకటి. మొదటిదాన్ని జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1840 ప్రాంతంలో ప్రయోగాలతో తేల్చాడు. దానికి 1827లో గెయార్గ్ ఓమ్ ప్రచురించిన నియమాన్ని, అంటే ప్రవాహాన్ని నిరోధంతో గుణిస్తే వోల్టేజి వస్తుందన్నదాన్ని, జోడిస్తే రెండవది వస్తుంది. రెండూ ఒకే సత్యానికి రెండు రూపాలే అయినా ఒకదానిలో నిరోధం పైన, మరొకదానిలో కింద కూర్చుంటుంది కనుక చూసేవారికి పరస్పరం కొట్టుకుంటున్నట్లు కనిపిస్తాయి. వలయంలో ఏది మారకుండా నిలిచి ఉందో చూసుకుంటే ఏ దారిన పోవాలో తెలుస్తుంది. వెలుగుతున్న 100 వాట్ల పాత బల్బు నిరోధం సుమారు 529 ఓమ్‌లు, 40 వాట్లదానిది సుమారు 1,322 ఓమ్‌లు. రెండింటికీ విడివిడిగా అదే 230 వోల్టులు అందితే తక్కువ నిరోధమున్న 100 వాట్లదే ఎక్కువ వెలుగుతుంది. అవే రెండింటిని శ్రేణి సంధానంలో కలిపితే రెండింటిలోనూ ఒకే ప్రవాహం సాగుతుంది కనుక 40 వాట్లది ప్రకాశిస్తుంది, 100 వాట్లది మినుకుమంటుంది. ఈ ప్రయోగం చేసి చూపిన రోజున వెనుక బల్లల పిల్లలు కూడా లేచి నిలబడి చూసేవారు.

బల్బుల కన్నా మన ఇళ్లకు దగ్గరి ఉదాహరణ మరొకటుంది. పింగాణీ పలక గాడిలో నిక్రోమ్ స్ప్రింగు తీగ అమర్చిన కరెంటు పొయ్యి ఒకప్పుడు అద్దె గదుల్లో ఉండే ప్రతి విద్యార్థికీ ఆధారం. తీగ తెగితే కొత్తది కొనకుండా రెండు కొసలూ లాగి మెలిపెట్టేవాళ్లం. ముడిలో పోయిన మేరకు తీగ పొట్టిదవుతుంది, పొట్టిదైన మేరకు నిరోధం తగ్గుతుంది, తగ్గిన మేరకు పొయ్యి మునుపటికన్నా ఎర్రగా కాలుతుంది, కాలి కొద్ది రోజులకే మళ్లీ ఇంకొకచోట తెగుతుంది. నాలుగు ముళ్లు పడిన తీగ మీద అన్నం ఎంత తొందరగా ఉడికేదో నాకు అనుభవం. ఓమ్‌లు తగ్గితే వేడి తగ్గుతుందన్న మాటను ఆ పొయ్యి ఒక్కటే తోసిపుచ్చగలదు.

ఎలక్ట్రానిక్ సిగరెట్ ఈ పొయ్యికి తమ్ముడే. ఒక లిథియం బ్యాటరీ, చిన్న తీగచుట్ట, దానిని ఒరుసుకుని ఉండే దూది వత్తి, ఆ వత్తి పీల్చుకునే ద్రవం కలిస్తే పరికరం పూర్తయినట్టే. ప్రవాహాన్ని స్థిరంగా ఉంచే ఏర్పాటు అందులో లేదు. కాయిల్ కొసలకు అందేది బ్యాటరీ వోల్టేజి కనుక ఇక్కడ వర్తించేది రెండవ దారి. బ్యాటరీ సగటున 3.7 వోల్టులు ఇస్తుందనుకుంటే 1.8 ఓమ్‌ల కాయిల్‌లో సుమారు 7.6 వాట్లు, 0.5 ఓమ్ కాయిల్‌లో సుమారు 27.4 వాట్లు, 0.2 ఓమ్ కాయిల్‌లో 68 వాట్లకు పైగా వేడి పుడుతుంది. మీ వ్యాసం "కొంత నయం" అన్న తక్కువ ఓమ్‌ల పరికరమే, అదే బ్యాటరీ మీద, తొమ్మిది రెట్లు ఎక్కువ కాలుతోందన్నమాట. ఒక ఓమ్‌కు తక్కువ నిరోధమున్న కాయిళ్లను "సబ్ ఓమ్" అంటారు. పెద్ద మేఘంలా పొగ వదిలి చూపించుకోవాలన్న సరదా ఉన్నవాళ్లు ఎంచుకునేవి సరిగ్గా ఇవే.

వోల్టేజి విషయానికి వస్తే, వేడి వోల్టేజిని బట్టి కాక దాని వర్గాన్ని బట్టి పెరుగుతుందన్న సంగతిని చాలామంది తేలికగా తీసుకుంటారు. 3.3 వోల్టుల నుండి 4.8 వోల్టులకు పెంచితే పెరిగింది 45 శాతమే అనిపిస్తుంది, కానీ కాయిల్‌లోని వేడి రెట్టింపుకు మించుతుంది. మీట ఏదీ లేని సాధారణ పరికరంలో కూడా వోల్టేజి ఒకచోట నిలవదు. నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీ 4.2 వోల్టులతో మొదలై, వాడకంతో 3.2 వోల్టుల దాకా దిగుతుంది. ఆ మేరకు 1.8 ఓమ్‌ల కాయిల్‌లో వేడి 9.8 వాట్ల నుండి 5.7 వాట్లకు పడిపోతుంది. పొద్దున పీల్చిన దమ్ము, సాయంత్రం పీల్చిన దమ్ము ఒకటి కావు.

వోల్టేజి తగ్గితే మోటారు కాలిపోతుందని తెలియని రైతు మన జిల్లాలో ఉండడు కనుక ఇక్కడ ఒక సందేహం రావచ్చు. మోటారు తన మీదున్న బరువును ఎలాగైనా లాగాలి కాబట్టి వోల్టేజి పడిపోతే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. ఉత్త వేడి తీగకు ఆ గుణం లేదు, అది అందినంతతో సరిపెట్టుకుంటుంది. అయితే కొంచెం ఖరీదైన పరికరాల్లో వోల్టేజికి బదులు వాట్లను నిర్ణయించుకునే వీలుంటుంది. లోపలి చిప్పు, కాయిల్ నిరోధాన్ని కొలిచి, చెప్పిన వాట్లు రావడానికి ఎంత వోల్టేజి కావాలో అంత తయారుచేసి ఇస్తుంది. ఈ రకం మాత్రం మన బోరు మోటారు లాగే ప్రవర్తిస్తుంది: 40 వాట్లు అడిగితే, చిప్పులో పోయే నష్టాన్ని పక్కన పెట్టినా, నిండు బ్యాటరీ నుండి సుమారు 9.5 ఆంపియర్లు లాగేది బ్యాటరీ నీరసించేసరికి 12.5 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ ఎంత అలసిపోతే దాని మీద అంత బరువు మోపుతుందన్నమాట.

ఇంతవరకు చెప్పినదాన్ని పట్టుకుని "తక్కువ ఓమ్‌లయితే తప్పక ఎక్కువ ఉష్ణోగ్రత" అంటే, వ్యాసకర్త చేసిన తప్పునే నేను తలకిందులుగా చేసినవాడినవుతాను. వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు. పొగాకు పండించే మన ప్రాంతంలో ఈ భేదాన్ని వివరించడానికి ప్రయోగశాల అవసరం లేదు. కొండపి వైపు పొగాకు సాగుచేసే మా బావమరిది బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) కాల్చేటప్పుడు రాత్రిళ్లు నిద్ర మానుకుని చూసేది పొయ్యిలో ఎన్ని కట్టెలు పడ్డాయన్నది కాదు, లోపల వేలాడదీసిన థర్మామీటరులో ఎంత ఉందన్నది. ఆకు పసుపు తేలేటప్పుడు ఒక వేడి కావాలి, రంగు నిలిచేటప్పుడు మరొకటి కావాలి, ఈనె ఆరేటప్పుడు ఇంకొకటి కావాలి. అవే కట్టెలు వేసినా బ్యారన్‌లో ఆకు ఎంత పచ్చిగా ఉంది, పై కిటికీలు ఎంత తెరిచారు, గాలి ఎలా ఆడుతోంది అన్నవాటిని బట్టి థర్మామీటరు మారుతుంది. వాట్లు కట్టెల వంటివి. ఆకుకు తెలిసేది డిగ్రీలే.

కాయిల్‌లోనూ అంతే. ఒక్కొక్కటి ఒక ఓమ్ ఉన్న రెండు కాయిళ్లను సమాంతరంగా కలిపితే మొత్తం నిరోధం 0.5 ఓమ్ అవుతుంది, మొత్తం వేడి రెట్టింపై 27.4 వాట్లకు చేరుతుంది; కానీ ఒక్కొక్క కాయిల్‌కు దక్కేది 13.7 వాట్లే కనుక ఏ కాయిల్ ఉష్ణోగ్రతా ఒంటరిగా ఉన్నప్పటికన్నా పెద్దగా పెరగనక్కరలేదు. ఎక్కువ ద్రవం ఆవిరవుతుంది, అంతే. అదే 0.5 ఓమ్‌ను సన్నటి పొట్టి తీగతోనూ చేయవచ్చు, లావుపాటి పొడవు తీగతోనూ చేయవచ్చు. మొదటిదానిలో 27 వాట్లూ కొద్దిపాటి ఉపరితలం మీద పోగుపడి తీగ ఎర్రబడుతుంది, రెండవదానిలో విశాలంగా పరుచుకుంటుంది, పైగా తీగ బరువు వల్ల వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది. కాబట్టి డబ్బా మీద అచ్చేసిన ఓమ్‌ల అంకె ఒక్కదాన్నే చూసి నయమనో ప్రమాదమనో చెప్పడం, కట్టెల బండిని చూసి ఆకు గ్రేడు చెప్పడం వంటిది.

ఉష్ణోగ్రతను నిజంగా అదుపులో పెట్టేది వత్తిలోని ద్రవం. గిన్నెలో ఎసరున్నంతసేపు అడుగు మాడదు. నీళ్లు ఇగిరిన మరుక్షణం మాడుతుంది. ఇక్కడ ఎసరు నీళ్లు కాదు. ద్రవంలో ప్రధానంగా ఉండేవి 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే ప్రొపైలిన్ గ్లైకాల్, 290 డిగ్రీల దగ్గర మరిగే గ్లిజరిన్. వాటిలో నికోటిన్, రుచి కోసం కలిపే రసాయనాలు ఉంటాయి. మీ వ్యాసంలోని "నీటి ఆవిరి" అన్న మాట ఇక్కడే నిలబడదు. వోల్టేజిని ఎంత తగ్గించినా లేనిది రాదు, ఉన్నది పోదు. నోటి నుండి వెలువడే ఆ తెల్లటిది ఈ పదార్థాల సన్నటి తుంపర; నీరు అందులో చిన్న భాగం.

వోల్టేజి పెంచితే, లేక వత్తి తడారిపోతే ఏమవుతుందన్నదానిపై పరిశోధనలున్నాయి. పోలండ్, అమెరికా పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వోల్టేజిని 3.2 నుండి 4.8కి పెంచినప్పుడు ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, ఎసిటోన్‌ అనే హానికర రసాయనాల పరిమాణం ద్రవాన్ని బట్టి 4 రెట్ల నుండి 200 రెట్లకు పైగా పెరిగింది. వోల్టేజి పెరిగింది ఒకటిన్నర రెట్లు, వేడి పెరిగింది రెండుంబావు రెట్లు, విషం పెరిగింది ఇన్ని రెట్లు. గ్లిజరిన్ మాడితే అక్రోలిన్ కూడా పుడుతుంది. బూరెల మూకుడులో నూనె మాడినప్పుడు కళ్లు మండించే ఘాటు అదే. అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు 2015లో, 3.3 వోల్టుల దగ్గర కనిపించని ఫార్మాల్డిహైడ్ సంబంధిత పదార్థాలు 5 వోల్టుల దగ్గర కనిపించాయని వెల్లడించారు. ఆ అంకెలు ప్రపంచమంతా తిరిగాయి. అదే సంవత్సరం గ్రీసుకు చెందిన హృద్రోగ నిపుణుడు కాన్‌స్టాంటినోస్ ఫార్సలినోస్ బృందం, ఆల్డిహైడ్లు (ఫార్మాల్డిహైడ్ వంటివి) అంత ఎక్కువగా పుట్టేది వత్తి ఎండి తీగ మాడే "డ్రై పఫ్" స్థితిలోనేనని, ఆ మాడు రుచిని మనిషి భరించలేక వెంటనే ఆపేస్తాడని చూపింది. ఈ వాదోపవాదాల్లో ఒక పక్షం గెలిచిందని నేను అనను. రెండు పక్షాలూ కలిసి తేల్చిన సంగతి మాత్రం మనకు పనికొస్తుంది: వోల్టేజి అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. ఏ కాయిల్‌కు, ఎంత తడిసిన వత్తికి, ఎంతసేపు అన్నది తోడైతేనే అది ఏమైనా చెబుతుంది. 2018లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు, నిత్యం వాడేవారి నుండి తీసుకున్న 56 పరికరాలను పరీక్షించి, సీసాలోని ద్రవంలో కన్నా కాయిల్‌ను తాకి వచ్చిన తుంపరలో సీసం, నికెల్, క్రోమియం వంటి లోహాలు ఎక్కువగా ఉన్నాయని చెప్పడం కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగినది.

"ఎంతసేపు" అన్న మాట చిన్నదిగా కనిపించినా మీ రెండవ వాక్యాన్ని అసలు దెబ్బతీసేది అదే. 7.6 వాట్ల కాయిల్ మీద 4 సెకన్లు పీల్చినా, 15 వాట్ల కాయిల్ మీద 2 సెకన్లు పీల్చినా ద్రవానికి అందే శక్తి దాదాపు ఒకటే, 30 జౌళ్లు. వోల్టేజి తగ్గించినవాడు దమ్ము పొడిగిస్తాడు. శరీరం తనకు అలవాటైన నికోటిన్ మోతాదును వెతుక్కుంటుంది. అంతేకాక, తక్కువ వాట్లతో నడిచే చిన్న పరికరాల్లోనే నికోటిన్ లవణాలను చిక్కగా, ఒక్కోసారి మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల దాకా, కలుపుతారు. మేఘం చిన్నది, మోతాదు పెద్దది. వాడి పారేసే పెన్ను వంటి రకాల్లో అసలు వోల్టేజి మార్చుకునే మీటే ఉండదు. మీ వ్యాసం ఇచ్చిన సలహాను పాటిద్దామనుకున్నా పాటించే చోటు లేదు.

ఉష్ణోగ్రతను కొలిచి ఆపే పరికరాలు లేవా అంటే ఉన్నాయి. నికెల్ తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం బాగా పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 0.1 ఓమ్ ఉన్నది 220 డిగ్రీలకు రెట్టింపు దాటుతుంది. ఆ పెరుగుదలను చూసి చిప్పు కరెంటు తగ్గిస్తుంది. నిక్రోమ్, కాంథాల్ అనే మిశ్రలోహ తీగల నిరోధం వేడికి అంతగా మారదు కనుక వాటితో ఈ ఉపాయం పారదు. చల్లని కాయిల్ నిరోధాన్ని మొదట సరిగ్గా కొలవడం మీద ఇదంతా ఆధారపడి ఉంటుంది. బజారులో దొరికే మామూలు మల్టీమీటరు వైర్లకే అర ఓమ్‌కు దగ్గరగా నిరోధం ఉండగా 0.1 ఓమ్‌ను దానితో ఎవరు కొలుస్తారు? మా ప్రయోగశాలల్లో ఇంత చిన్న నిరోధాలకు కెల్విన్ బ్రిడ్జి అనే కొలత సాధనం వాడాలని చెప్పేవాళ్లం. చాటుగా చేతులు మారే వస్తువు మీద అచ్చైన అంకెకు ఆ పూచీ ఎవరూ ఇవ్వరు.

తక్కువ ఓమ్‌లతో ఉన్న ప్రమాదం ఊపిరితిత్తులతో ఆగదు, బ్యాటరీకీ వస్తుంది. 0.15 ఓమ్ కాయిల్‌ను చిప్పు లేని పరికరంలో నిండు బ్యాటరీకి తగిలిస్తే, లెక్క ప్రకారం 28 ఆంపియర్లు ప్రవహించాలి. బ్యాటరీకి తన అంతర్నిరోధం ఉంటుంది కనుక అంతా రాదు, అయినా చాలానే వస్తుంది. ఇంట్లో గీజరుకు పెట్టించే ప్లగ్గు 16 ఆంపియర్లది; 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న బ్యాటరీ నుండి అంతకు మించి లాగుతున్నామని గ్రహించాలి. పాత ల్యాప్‌టాపుల నుండి ఊడదీసిన బ్యాటరీలు ఇంత ప్రవాహానికి తయారైనవి కావు. వాటి లోపలి వేడి ఒక హద్దు దాటితే తనను తానే పెంచుకుంటూ పోయి మండుతుంది లేదా పేలుతుంది. అది ఉండేది ప్యాంటు జేబులో.

చట్టం గురించి మీ వ్యాసం సరిగానే రాసింది. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వచ్చి డిసెంబరులో చట్టమైన ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధం తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, నిల్వ, ప్రకటన అన్నింటికీ వర్తిస్తుంది. అమ్మకం వంటి నేరాలకు మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. పొగాకు వేలం కేంద్రాలున్న జిల్లాలో ఉంటూ ఈ ఉత్తరం రాస్తున్నందున, మామూలు సిగరెట్టును వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అనుకోవచ్చు. నేను ఏ సిగరెట్టూ కాల్చను. మా బావమరిది పంటను నమ్ముకుని బతుకుతాడు, నేను వాడిని పొగ మానమని చెబుతూనే ఉంటాను; ఈ రెండూ మా ఇంట్లో ఎప్పటినుండో కలిసే కాపురం చేస్తున్నాయి.

నా వినతి ఇంతే. ఆ రెండు వాక్యాలకు సవరణ వేయండి. వేసేటప్పుడు లోపలి పేజీల అడుగున కాకుండా వ్యాసం వచ్చిన చోటనే వేయండి, ఎందుకంటే కుర్రవాళ్లు కత్తిరించి దాచుకున్నది ఆ పేజీనే. సూత్రాన్ని అక్షర సంకేతాలతో కాక, "బ్యాటరీ వోల్టేజి మారనప్పుడు, వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించగా వచ్చేదే వేడి" అని మాటల్లో ఇవ్వండి. "బ్యాటరీ వోల్టేజి మారనప్పుడు" అన్న మూడు మాటలను దయచేసి స్థలాభావం పేరుతో తీసివేయవద్దు. మా మనవడి స్నేహితుడు తప్పుదారి పట్టింది అవి లేకపోవడం వల్లనే.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా.